బ్రేకు సంగతి వెనక సీటును అడగాలి

నేను బ్రేకుల పని చేసి బతికాను. ఇంజను విప్పడం, గేరుబాక్సు సర్దడం కూడా వచ్చు గానీ, కామారెడ్డి రైల్వే గేటు దగ్గర నిలబడి "బ్రేకుల సాయిలు షెడ్డు యాడ?" అంటే ఎవరైనా చెయ్యి చూపించేవాళ్లు. 2014లో భుజం మొరాయించడంతో షెడ్డును నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు అప్పజెప్పి ఇంటికొచ్చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతుంటారు. "కాకా, బ్రేకులు ఇంకింత గట్టిగ పడాలంటే ఏ ప్యాడ్లు మంచియి? చిల్లుల డిస్కులు ఎయ్యొచ్చునా?"

ఫోను తెరిస్తే ఈ ప్రశ్నకు కావలసినన్ని జవాబులు దొరుకుతాయి. నా దగ్గర ఉన్నది మాత్రం ఒక కారు కథ. షెడ్డు ఎలా పెట్టాను, ఎంత పేరు తెచ్చుకున్నాను అనే సంగతులు మా ఆవిడకే విసుగు పుట్టించాయి, మిమ్మల్నెందుకు చంపడం. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పి మొదలుపెడతాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టి ఆపేవి ప్యాడ్లు.

ఉస్తాద్ అలవాటు

నాకు పని నేర్పింది గఫూర్ ఉస్తాద్. మహా కోపిష్టి. ఒక పానా అడిగితే ఇంకో పానా అందించామంటే, అది మళ్లీ మన కాళ్ల దగ్గరికే ఎగిరొచ్చేది. అంతటి కోపిష్టికి ఒక వింత అలవాటు ఉండేది. ఏ బండికి బ్రేకు పని చేసినా, ట్రయలుకు పోయేటప్పుడు వెనక సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకునేవాడు. బండి యజమాని భార్యో తల్లో వెంట వస్తే సరే, లేకపోతే పక్క హోటల్లో చాయ్ తాగుతున్న ఎవరో ఒకరు. తిరిగొచ్చాక నడిపిన మనిషిని ఒక్క మాట అడగడు. వెనక నుంచి దిగినవాళ్లను అడుగుతాడు.

ఉండబట్టలేక ఒకరోజు అన్నాను, తొక్కెటోన్ని ఇడిసిపెట్టి కూసున్నోన్ని అడుగుడేంది ఉస్తాద్ అని.

"తొక్కెటోనికి ముంగట రోడ్డు కానొస్తది సాయిలూ. బర్రె అడ్డమొస్తుందంటే వాని కాళ్లు, మెడ, పెయ్యంత ముందే తయారైతది. ఎనక కూసున్నోనికి ఏం ఎరుక? బ్రేకు మంచిదో కాదో వాని మెడకే తెలుస్తది," అన్నాడు.

నేను సొంతంగా షెడ్డు పెట్టాక దోమకొండ నుంచి ఒక బడి వ్యాను వచ్చింది. పిల్లలు రోజూ వాంతులు చేసుకుంటున్నారని, తల్లులు పెట్టే టిఫిను బాగుండడం లేదని ఆ డ్రైవరు ఊరంతా చెప్పుకుంటున్నాడు. నేను వెనక సీట్లో కూర్చుని రెండు వీధులు తిరిగొచ్చేసరికి నాకే కడుపులో తిప్పింది. ఎక్కువ రోజులు వస్తాయని గట్టి రకం ప్యాడ్లు వేయించుకున్నాడు. అవి ముందు జారి, తర్వాత ఒక్కసారిగా పట్టేసేవి. మామూలు ప్యాడ్లు వేశాను. ఆ ఉప్మాల మీద నింద పోయింది.

షార్జా నుంచి వచ్చిన డిస్కులు

2011లో, వానలు పడుతున్న రోజుల్లో బాల్‌రాజు వచ్చాడు. ఎల్లారెడ్డి మనిషి. షార్జాలో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి ఇక పోనని తిరిగొచ్చేశాడు. ఇక్కడ ఒక పాత కారు కొన్నాడు. దాని డిక్కీ తెరిచి దుప్పటి విప్పి చూపించాడు. ఒంటి నిండా చిల్లులున్న రెండు డిస్కులు, ఒక పెట్టెలో ప్యాడ్లు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు సెంటు సీసాలు, మెత్తని బ్లాంకెట్లు తెస్తారు. ఈ మహానుభావుడు విమానంలో బరువు సరిపోవడానికి బ్లాంకెట్లను అక్కడే దోస్తులకు పంచిపెట్టి ఇనుము మోసుకొచ్చాడు.

"రేసు కార్లకు ఏస్తరన్నా ఇయ్యి. గిట్ల తొక్కితే గట్ల ఆగుతది," అన్నాడు.

"రేసుల కారు ఆగకుంట ఉరుకుతది. ప్యాడు నిప్పు లెక్క కాలుతది. కాలినంకనే గా ప్యాడు పని చేస్తది. నువ్వు పొద్దుగాల బండి తీసి మీ సందు మలుపు కాడ తొక్కితే అది ఇంక నిద్రల్నే ఉంటది, తమ్మీ."

"మరి గీ డిస్కులు?"

"చిల్లులు సూడ సక్కగుంటయి. నాట్లప్పుడు మన రోడ్డు మీద ట్రాక్టర్లు బురద ఎట్ల పారబోస్తయో ఎరికే గదా. గా బురదంత గీ చిల్లులల్లకే పోతది. మన తొవ్వకు నున్నటి డిస్కే మంచిది."

అతని ముఖం చిన్నబోయింది. అంత దూరం నుంచి మోసుకొచ్చిన వస్తువును కాదంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కాసేపు డిస్కు అంచును బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

అతని భార్య పేరు సుజాత. నాలుగేళ్ల కిందట గర్భంతో ఉన్నప్పుడు జీపులో కామారెడ్డికి వస్తోంది. డ్రైవరు దేనికో గట్టిగా బ్రేకు కొట్టాడు. ఆమె కడుపు ముందున్న కడ్డీకి తగిలింది. ఆ వారంలోనే గర్భం పోయింది. దెబ్బకూ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎంత చెప్పినా సుజాత మనసు నమ్మలేదు. బాల్‌రాజు అప్పుడు షార్జాలో ఉన్నాడు, ఫోనులో విన్నాడు.

"గిప్పుడు మళ్ల నీళ్లు పోసుకున్నదన్నా. బీపీ ఎక్కువున్నదట. తప్పకుంట కామారెడ్డికి తీసుకరావాలె, సూపియ్యకపోతే ఇద్దరికీ కష్టమంటున్నది డాక్టరమ్మ. గీమేమో బండి పేరు ఎత్తితెనే వణుకుతది. మంచి బ్రేకులున్నయి, ఏం గాదు అని చెప్పుకునేటందుకు తెచ్చిన," అన్నాడు.

మనిషి కళ్లల్లోకి చూసి ఇంకేం వాదిస్తాం. వద్దని నా మాట నేను చెప్పాను. అయినా వేయమన్నాడు. ఎలాగూ ఎవరో ఒకరి చేత వేయించుకుంటాడు, ఆ పనేదో సరిగ్గా జరగనీ అని నేనే బిగించాను. పాత డిస్కులు మాత్రం పారేయకుండా షెడ్డు అటక మీద పెట్టాను.

వారం తిరగకముందే అతనే వచ్చి చెప్పాడు. పొద్దున బండి తీయగానే మొదట తొక్కినప్పుడు జారుతోంది, రెండోసారి తొక్కితే పట్టేస్తోంది. మలుపు దగ్గర కీచుమని అరిస్తే వీధిలో కుక్కలు లేస్తున్నాయి. సుజాత వెనక కూర్చుని రెండు చేతులతో ముందు సీటును పట్టుకుని, దిగేదాకా వదలడం లేదు.

"మార్చుదమా మరి?" అన్నాను.

"పండుగ కానియ్యన్నా," అన్నాడు. నాలుగు రోజులు వాడితే అవే మెత్తబడతాయని అతని ఆశ.

పండుగ తెల్లారి

అది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు డిపోలు దాటడం లేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి రావాలంటే ఉన్నవాళ్లకు సొంత బండి, లేనివాళ్లకు ఆటో. దసరా తెల్లారి సుజాతను డాక్టరమ్మకు చూపించాలి.

లింగంపేట దాటాక రోడ్డుకు ఒక పక్కంతా మొక్కజొన్న గింజలు, మేమనే మక్కలు, ఆరబోసి ఉన్నాయి. ఆ కాలంలో అది మామూలే. అంచున రాళ్లు పేర్చి, బండ్లవాళ్లకు సగం రోడ్డు వదులుతారు. ఎదురుగా లారీ వచ్చింది. బాల్‌రాజు బ్రేకు తొక్కాడు. పొద్దున్నుంచి జారుతూనే ఉంటే ఇంకా వేడెక్కలేదనుకున్నాడు గానీ, ఈసారి కొంచెం కూడా పట్టలేదు. కారు రాళ్లను నెట్టుకుంటూ మక్కల మీదికి పోయి, కుప్పకు గుద్దుకుని ఆగింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. మక్కలు తిరగేస్తున్న ముసలామె లేచి సుజాతను దింపి, తన చాప మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించిందట. సుజాత మళ్లీ ఆ కారెక్కలేదు. వెనక్కి పోయే ఆటోలో ఇంటికెళ్లిపోయింది. ఆ రోజు చూపించుకోవడం తప్పిపోయింది.

బాల్‌రాజు చిన్న గేరులో, హ్యాండ్‌బ్రేకు పట్టుకుని, నడక వేగంతో కారును నా షెడ్డుకు తెచ్చాడు. బంపరు సందుల్లో మక్క గింజలు ఇంకా ఉన్నాయి. అతను స్టూలు మీద కూర్చున్నాడు. నేను చక్రం ఊడదీశాను.

డిస్కు చిల్లుల్లో పసుపు కనిపించింది. వేలు పెట్టి తీస్తే జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మంచినూనె వాసన. ప్యాడ్లు ఆ నూనెను పీల్చి నల్లగా మెరుస్తున్నాయి. ఇంకో పక్క చక్రం విప్పినా అదే. ఇన్నేళ్ల పనిలో బ్రేకు ఆయిలు కారి పాడైన ప్యాడ్లను ఎన్నో చూశాను గానీ, పూజతో పాడైనవి అప్పుడే చూశాను.

"బండికి పూజ ఎవలు చేసిండ్రు?"

"మా అమ్మ," అన్నాడు. అని తల పట్టుకున్నాడు.

ఏం వేశాను, ఎందుకు వేశాను

ఇక్కడ ఆగి పనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. నూనె తాగిన ప్యాడును కాల్చి, రుద్ది మళ్లీ వేసేవాళ్లున్నారు. వేయొద్దు. డిస్కును కడగొచ్చు, ప్యాడును పారేయాల్సిందే.

ప్యాడు ఎన్నుకునేటప్పుడు, బండి రోజూ ఎక్కడ తిరుగుతుందో ముందు అడగండి. ఊళ్లో, ఎల్లారెడ్డి తొవ్వలో, పొలాల మధ్య తిరిగే కారుకు చల్లగా ఉన్నప్పుడే పట్టే ప్యాడు కావాలి. కంపెనీ ప్యాడు కంటే ఒక మెట్టు పైది వేయాలనుకుంటే వేయండి, అందులోనూ రోడ్డు బండ్ల కోసం చేసినదే వేయండి. రేసు ప్యాడు రేసుకే. అటక మీది పాత డిస్కులను దించి కొలిచాను. ఇంతకంటే పలచబడితే వాడొద్దని కంపెనీ అచ్చువేసిన మందానికి అవి దగ్గర్లో ఉన్నాయి. నునుపు చేయడానికి లేతుకు పట్టిస్తే ఇంకా పలచనవుతాయి. అందుకని చిల్లులూ గాట్లూ ఏమీ లేని నున్నటి కొత్త డిస్కులు వేశాను. పెద్ద డిస్కు వేద్దామా అని బాల్‌రాజు నసిగాడు. పెద్ద డిస్కుకు పెద్ద చక్రం కావాలి, పెద్ద చక్రానికి ఇంకేదో కావాలి, ఆ యావకు అంతుండదు.

బ్రేకు ఆయిలు మొత్తం మార్చాను. అది కాలం గడిచేకొద్దీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు. వెనక చక్రాలకు డిస్కులుండవు, డ్రమ్ము బ్రేకులే. వాటిని సర్దాను. తర్వాత టైర్లు చూస్తే గుండు లెక్క నున్నగా ఉన్నాయి.

"గీ గుండు టైర్లేసుకోని రేసు బ్రేకులు తెచ్చినవా తమ్మీ! బ్రేకు చక్రాన్ని ఆపుతది. బండిని ఆపేది టైరే," అన్నాను. ఆ రోజు నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. టైర్లు మార్పించాకే కారును బయటికి తీశాను.

కొత్త ప్యాడును డిస్కుకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగంలో పోతూ, పూర్తిగా ఆపకుండా నెమ్మది చేయాలి, మళ్లీ వేగం అందుకోవాలి. అలా చాలాసార్లు చేశాక బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు బండి ఆపి కాలు బ్రేకు మీద అట్లాగే పెట్టి ఉంచకూడదు, ప్యాడు ముద్ర డిస్కు మీద పడుతుంది. దోమకొండ వైపు రోడ్డు మీద బాల్‌రాజు చేతనే ఈ పని చేయించాను. అతను కాలు తీయడం మరిచిపోయినప్పుడల్లా మోకాలి మీద ఒకటి తగిలించాను. గఫూర్ ఉస్తాద్ నా మోకాలి మీద అంతకంటే గట్టిగా కొట్టేవాడు.

మోకుకు నూనె

పనైతే అయిపోయింది. కానీ వెనక సీటు మనిషి ఎల్లారెడ్డిలో ఉంది. కారెక్కనని కూర్చుంది. కాళ్లకు వాపులు మొదలయ్యాయని బాల్‌రాజు చెప్పేసరికి నాకూ భయం పుట్టింది. తెల్లారి అతనితో పాటు నేనూ వెళ్లాను.

అతని తల్లి నర్సవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది. ముఖం నిండా పసుపు, నోటి నిండా మాటలు. కొడుక్కి నాసిరకం బ్రేకులు వేశానని నన్ను నాలుగు తిట్టడానికి సిద్ధంగా ఉంది.

"అవ్వా, పండుగనాడు చక్రంల నూనె పోసినవా?" అన్నాను.

"పోసుడేంది? పసుపుల నూనె కలిపి మంచిగ రాసిన. బండిని ఆపేది గదే అని కొడుకే చెప్పిండు. చక్రం సందులకెళ్లి తళతళ మెరుస్తున్నది. కోడలిని కాపాడేది గదే గదా, దానికే మొక్కిన."

ఊళ్లో అందరూ స్టీరింగుకు, అద్దానికి బొట్టు పెడితే, బండిలో కోడలి ప్రాణం దేని మీద ఆధారపడి ఉందో కనుక్కుని మరీ దానికి మొక్కిన మనిషి ఆమె. వాళ్లది తాళ్లెక్కే ఇల్లు. పెనిమిటి బతికున్నన్నాళ్లూ మోకు నడుముకు బిగించుకుని తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. అందుకని మెల్లగా అడిగాను.

"అవ్వా, మీ ఇంటాయన తాడెక్కబోయే ముందల మోకుకు నూనె రాస్తుండెనా?"

"మోకుకు నూనె రాస్తె మనిషి దక్కుతడా?" అంది వెంటనే. అని ఆగిపోయింది. ఆమె ముఖంలో పసుపు తప్ప రంగంతా దిగిపోయింది. గడప మీద కూలబడి, "అయ్యో బిడ్డా, నా కోడలిని నేనే తోసినట్టయింది గదరా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తలుపు వెనక నుంచి సుజాత వచ్చింది. సన్నగా ఉంది, వాచిన పాదాలతో మెల్లగా నడిచి వచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఊకో అత్తా. నువ్వు మొక్కింది నా కోసమే గదా," అంది. ఆ మాటకు నర్సవ్వ ఇంకా ఏడ్చింది.

కాసేపటికి తేరుకుని నర్సవ్వ, "మరి పసుపు యాడ పెట్టాలె?" అంది.

"బానెట్ మీద పెట్టు, స్టీరింగుకు పెట్టు, గాదంటే నా నెత్తికి పెట్టు. గా డిస్కు జోలికి మాత్రం పోకు," అన్నాను.

నేను ఆట పట్టించడానికి అన్నాను గానీ ఆమె లోపలికెళ్లి పళ్లెం తెచ్చి నిజంగానే నా నుదుట బొట్టు పెట్టింది. "బ్రేకులు ఏసినోనివి నువ్వే గదా, నువ్వు సల్లగుంటె అవి సల్లగుంటయి," అంది. సుజాత నవ్వింది. నేను ఆమె నవ్వు చూడడం అదే మొదటిసారి.

నవ్వు ఆగాక ఆమె నన్ను సూటిగా అడిగింది. "నిజం చెప్పన్నా. గిప్పుడు బ్రేకు పడతదా?"

"పడతది చెల్లె. నా మాట నమ్మాలని లేదు. నేను ముందల కూసుంట, నువ్వు నా ఎనక కూసోని నా సీటు పట్టుకో. నీకు బాగ లేదనిపిస్తె చెప్పు, యాడంటె ఆడ దిగుదం, నేను గూడ నీ తోటి నడుస్త."

"నడుస్తవా, కామారెడ్డి దాక?"

"నడుస్త. నా భుజం నొస్తది గని కాళ్లు మంచిగనే ఉన్నయి."

ఆమె అత్త వైపు చూసింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

లింగంపేట దాటాక

బాల్‌రాజు నడుపుతున్నాడు. నేను అతని పక్కన. నా వెనక సుజాత, రెండు చేతులతో నా సీటు అంచును పట్టుకుని ఉంది. బ్రేకు పడినప్పుడల్లా నా వీపు వెనక సీటు వెనక్కి లాగినట్టయ్యేది. ఎల్లారెడ్డి దాటేలోపు ఆ లాగుడు ఎంత బలంగా ఉందంటే, ఆమె ఎంత భయపడుతోందో నా భుజానికి తెలిసేది. ఏ యంత్రమూ అంత బాగా కొలవలేదు. నేను వెనక్కి తిరగలేదు. బాల్‌రాజు అద్దంలో చూడబోతే, ముందటికి చూడమని మోచేత్తో పొడిచాను.

లింగంపేట దాటాం. మక్కలు అక్కడే ఉన్నాయి. ముసలామె రాళ్లను మళ్లీ పేర్చుకుంది. సీటు గట్టిగా వెనక్కి వంగింది. బాల్‌రాజు దూరం నుంచే మెల్లగా కాలు ఆనించాడు. కారు నీళ్లలో పడవలా నెమ్మదించి, రాళ్లకు బాగా ఇవతలే నిలబడింది. ముసలామె గుర్తుపట్టి, కిటికీలోంచి చెయ్యి పెట్టి సుజాత తల నిమిరింది. "ఇగ భయం లేదు బిడ్డా, పో," అంది. అక్కడి నుంచి కదిలాక సీటు లాగుడు తగ్గింది. ఒక చెయ్యి సీటును వదిలినట్టు తెలిసింది. ఒక చెయ్యి ఇంకా ఉంది. ఆ కడుపులో ఉన్న పిల్ల తర్వాత మా షెడ్డుకొచ్చి హారను కొట్టి చెవులు చిల్లులు పొడిచేది. ఆ రోజు మాకు అదంతా ఏం తెలుసు. తొందరగా డాక్టరమ్మ దగ్గరికి చేరాలి, అంతే తెలుసు.

తాడ్వాయి రాకముందు రోడ్డు మీదికి గొర్రెల మంద వచ్చింది. బాల్‌రాజు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. నేను వీపుతో ఎదురుచూశాను. సీటు కదల్లేదు.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. సుజాత తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. రెండు చేతులూ కడుపు మీద ఉన్నాయి. ఆ ఒక్క చూపుతో నా పని మొత్తానికి ఫలితం దక్కిందనిపించింది. బాల్‌రాజును తట్టి కళ్లతోనే చూపించాను. అతను చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేనొచ్చిన కాన్నుంచి గీమె బండిల కన్ను మూయంగ చూడలేదన్నా," అన్నాడు గుసగుసగా. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

బండి ఆపాక కాలు బ్రేకు మీద పెట్టి ఉంచొద్దని ఒకరోజు ముందే మోకాలి మీద కొట్టి మరీ నేర్పాను. గొర్రెలన్నీ దాటిపోయాయి. వాటి వెనక గొల్లాయన కూడా దాటాడు. రోడ్డంతా ఖాళీ అయింది. బాల్‌రాజు కాలు తీయలేదు. నేను కూడా తీయమనలేదు.